ఎవరి చేతుల మీదుగా ఈ ఎరువు?

కలుపుల రోజుల్లో కూలి రేట్ల సంగతి మాట్లాడదామని మా సంఘం వాళ్ళం ముగ్గురం మా పట్టణానికి ఆనుకుని ఉన్న ఒక ఊరికి వెళ్ళాం. అక్కడి చేలల్లో ఎక్కువగా కూరగాయలు పండిస్తారు. వంగతోటలో కలుపు తీస్తున్న పదకొండు మంది స్త్రీలు పని ఆపి గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు. ఎనిమిది మంది దళితులు, ముగ్గురు వెనుకబడిన కులాల వాళ్ళు. కూలి గురించి అడిగిన వాటికి జవాబులు చెప్పారు గాని వాళ్ళ మనసు ఆ మాటల మీద లేదు. చివరికి ఒకామె కాళ్ళు చాపి చూపించింది. వేళ్ళ సందులు చెడి నీరు కారుతున్నాయి. పక్కన కూర్చున్న అమ్మాయి చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. పురుగు మందుల వల్ల అనుకుని, ఏ మందు కొట్టారని అడిగాను.

"మందు గాదక్కా. చేన్ల బండి పోయించిండ్రు" అంది ఆమె.

బండి అంటే సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరు. పట్టణంలో తోడిన మలాన్ని దూరం తీసుకుపోవడానికి డీజిలు ఖర్చు. ఈ చేలు దగ్గర. దున్నే ముందు రాత్రిపూట వచ్చి పోసిపోయారు. పైపైన ఎండింది, తర్వాత వానలకు మళ్ళీ మెత్తబడింది. ఆ మట్టిలోనే ఈ స్త్రీలు వట్టి కాళ్ళతో నడిచి, వట్టి చేతులతో గడ్డి పీకారు. ముందు ఎవరూ చెప్పలేదా అని అడిగితే, "మాకు చెప్పేదెవరు? గబ్బు లేస్తే ఎరకైంది. చేను కాడిదాక వచ్చి మళ్ళిపోతే ఆ దినం కూలి పోతది గదా" అన్నారు.

చేను కౌలుకు చేస్తున్న ఇంటికి కూడా వెళ్ళాం. భర్త లేడు, భార్య మాట్లాడింది. ఆమె తానూ ఆ చేలోనే కలుపు తీసింది. తన కాళ్ళు కూడా అలాగే ఉన్నాయి. "పిండి బస్తా కొన శాతగాక పోయించుకున్నం. బండికి పైస తీసుకోలే. చేను చూడున్రి, ఎంత పచ్చగున్నదో" అంది. నిజంగానే ఆ వంగతోట చుట్టుపక్కల అన్ని తోటలకంటే పచ్చగా ఉంది.

నాకు కోపం వచ్చింది. ఈ బండ్లు చేలల్లో పోయడం బందు పెట్టించాలి, కలెక్టరుకు అర్జీ పెట్టాలి అన్నాను. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ఒక ముసలామె అప్పుడు నోరు విప్పింది. "బందు వెట్టిస్తరు సరే బిడ్డా. మరి దాన్ని యాడ పోస్తరు? మా వాడెనక వాగుల పోస్తరు. ఆ నీళ్ళే మేం బట్టలుతికేది."

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ సంపాదకీయం ఆ జవాబు వెతుక్కుంటూ రాస్తున్నది.

ముందుగా మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మరుగుదొడ్డి స్త్రీల గౌరవానికీ భద్రతకూ సంబంధించిన విషయమని మహిళా సంఘాలన్నీ ఏళ్ళ తరబడి అడిగాయి. న్యాయంగానే అడిగాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం 2014, 2019 మధ్య దేశంలోని పల్లెల్లో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టారు. దొడ్డి కట్టారా లేదా అని మనం లెక్క తీశాం, నీళ్ళు వస్తున్నాయా అని అడిగాం, తలుపుకు గొళ్ళెం ఉందా అని కూడా చూశాం. గుంత నిండాక అందులోది ఎక్కడికి పోతుందని మాత్రం అడగలేదు. మన ఇంటి గడప దాటితే చాలు, మన సమస్య కాదనుకున్నాం. ఆ గడప అవతల దాన్ని చేత్తో ముట్టుకునేవాళ్ళు కూడా ఎక్కువగా స్త్రీలే, అదీ పేద దళిత స్త్రీలే అన్న సంగతి మన నివేదికల్లో ఎక్కడా రాలేదు.

పట్టణాల సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో పట్టణ కుటుంబాల్లో మురుగు కాల్వ గొట్టాలకు కలిపిన దొడ్లు ఉన్నవి దాదాపు 33 శాతం. సెప్టిక్ ట్యాంకులు ఉన్నవి 38 శాతం. అంటే గొట్టాల మీద ఆధారపడిన ఇళ్ళకంటే ట్యాంకరు బండి మీద ఆధారపడిన ఇళ్ళే ఎక్కువ. గొట్టాల్లో పోయే మురుగు గతి మెరుగ్గా ఉందా అంటే అదీ లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశ పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడితే, నిజంగా శుద్ధి అయినది 2,023 కోట్ల లీటర్లు. మిగిలినది చెరువుల్లోకి, వాగుల్లోకి, చేలల్లోకి పోయింది.

శుద్ధి అయిన చోట కూడా పని అంతటితో తీరదు. నీళ్ళు తేటపడ్డాక అడుగున మిగిలే చిక్కటి మడ్డి ఉంటుంది. ఇంజనీర్లు స్లడ్జి అంటారు. సెప్టిక్ ట్యాంకు అడుగున పేరుకునేదీ ఆ జాతిదే. నీళ్ళలోని కల్మషం ఎక్కడికీ మాయం కాదు, చాలా భాగం ఈ మడ్డిలోకి దిగుతుంది. ఈ మడ్డిని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

దాన్ని చేలకు వేయాలన్న ఆలోచనలో తప్పు లేదు. మన దేశంలో ఒక మనిషి మలమూత్రాల్లో ఏడాదికి సగటున 2.7 కిలోల నత్రజని, 0.4 కిలోల భాస్వరం బయటికి పోతాయని శాస్త్రవేత్తల అంచనా. మనం తిన్న గింజలోంచి, ఆకులోంచి వచ్చిన సారమే అది. నత్రజనిలో ఎక్కువ భాగం మూత్రం వెంట నీళ్ళలో కలిసిపోతుంది గాని, భాస్వరం, సేంద్రియ పదార్థం కొంతవరకు మడ్డిలో నిలుస్తాయి. భాస్వరం ఎరువు కోసం మనం విదేశాల మీద ఎక్కువగా ఆధారపడుతున్నాం. రాతి ఫాస్ఫేటులో అధిక భాగం ఓడల్లో రావలసిందే. ఒకవైపు దాన్ని డాలర్లు పోసి కొంటూ, మరోవైపు అదే సారాన్ని వాగుల్లో పోసి నీళ్ళను పాడుచేస్తున్నాం. పిండి బస్తా కొనలేని ఆ కౌలు రైతు భార్య ఈ లెక్కలేవీ చదవలేదు. కాని చేను పచ్చబడటం ఆమె కళ్ళతో చూసింది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అయితే సారంతోపాటు ఆ మడ్డిలో ఇంకేముందో కూడా తెలుసుకోవాలి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు ఉంటాయి. వీటికంటే మొండివి పేగుల్లోని పురుగుల గుడ్లు. ఏలికపాము గుడ్లు మట్టిలో నెలలు కాదు, ఏళ్ళ తరబడి బతికి ఉండగలవు. మట్టి అంటిన చేత్తో అన్నం తింటే, సరిగా కడగని ఆకుకూర తింటే కడుపులోకి చేరతాయి. కొంకి పురుగుకు నోటి దారి కూడా అవసరం లేదు. దాని పిల్లలు వట్టి కాలి చర్మంలోంచి లోపలికి దూరి, చివరికి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి.

ఇక్కడ కాస్త ఆగుదాం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కారణాలు చాలా ఉన్నాయి. చాలని తిండి, వరస కాన్పులు, అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ముందు వరసలో ఉంటాయి. కాని ఐరన్ మాత్రలు పంచి, ఆకుకూరలు తినమని పాఠాలు చెప్పి ఊరుకునే మనం, ఆ ఆకుకూర పండించేందుకు ఆమె ఏ మట్టిలో కాలు పెడుతున్నదని అడగాలి కదా? దేశంలో పనిచేసే స్త్రీలలో 41 శాతం వ్యవసాయ కూలీలని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. నాటు వేసేది వాళ్ళు, కలుపు తీసేది వాళ్ళు, కూర కోసేది వాళ్ళు. దుక్కి దున్నే ట్రాక్టరు మీద మగవాడు కూర్చుంటాడు. మట్టిలో వేళ్ళు పెట్టేది స్త్రీ. కాబట్టి ఏ ఎరువు మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ స్త్రీల ఆరోగ్య హక్కుల చర్చ కూడా.

మరి మడ్డిని భద్రమైన ఎరువుగా మార్చడం సాధ్యమేనా? సాధ్యమే. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. కావలసినవి వేడి, కాలం, ఓపిక, పరీక్ష.

బెంగళూరు దగ్గర దేవనహళ్ళి అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ అప్పట్లో భూగర్భ మురుగు కాల్వలు లేవు. 2015లో ఆ ఊరి సెప్టిక్ ట్యాంకుల మడ్డి కోసమే ఒక శుద్ధి కేంద్రం కట్టారు. రోజుకు 6 వేల లీటర్లు తీసుకునేలా కట్టారు. దేశంలో ఇలా పట్టణం మొత్తానికి కట్టిన మొదటి కేంద్రం ఇదేనంటారు. ట్యాంకరు తెచ్చిన దాన్ని తొట్లలో నిలవ ఉంచి గాలి లేకుండా కుళ్ళనిస్తారు. తర్వాత ఇసుక, కంకర పరిచిన మడుల్లో ఎండబెడతారు. కిందికి ఇంకిన నీళ్ళను విడిగా వడపోసి శుద్ధి చేస్తారు. ఎండిన మడ్డిని ఊరి తడి చెత్తతో కలిపి కుప్పలు పోసి కంపోస్టు చేస్తారు. మన పెంటకుప్పలు వేసవిలో పొగలు కక్కడం అందరం చూశాం. అదే వేడి ఇక్కడా పని చేస్తుంది. పెంటకుప్పను మనం ఎప్పుడో ఒకసారి తిరగేస్తాం. ఇక్కడ మాత్రం ఎన్ని రోజులు, ఎంత వేడి అన్నది కొలిచి రాసుకోవాలి. అమెరికా పర్యావరణ సంస్థ 1993లో పెట్టిన నియమాల ప్రకారం, ఇలా వరసగా పోసిన కుప్పలు 55 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడిలో 15 రోజులు ఉండాలి, ఆ రోజుల్లో కనీసం అయిదుసార్లు తిరగెయ్యాలి. అప్పుడే కుప్ప అంచున ఉన్నదీ లోపలికి వెళ్ళి ఉడుకుతుంది.

వరంగల్‌లో మరో పద్ధతి. 2017లో అక్కడ ఒక శుద్ధి కేంద్రం మొదలైంది. అది మడ్డిని ఎండబెట్టి, ఎక్కువ వేడిలో మాడ్చి బొగ్గులాంటి పదార్థంగా మారుస్తుంది. ఆ వేడికి క్రిములూ గుడ్లూ మిగలవు. నత్రజని మాత్రం చాలావరకు గాలిలో కలిసిపోతుంది. సున్నం కలిపి నిలవ ఉంచే పద్ధతి ఉంది. ఏ యంత్రమూ లేకుండా కేవలం కాలం మీద ఆధారపడేది కూడా ఉంది. మన పల్లెల్లో రెండు గుంతల దొడ్డి అదే. ఒక గుంత నిండితే మూసి రెండోది వాడాలి. మూసిన గుంతను కనీసం ఏడాదికి పైగా కదపకుండా వదిలేస్తే లోపలిది మట్టిలా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు కూడా మనలాంటి వేడి ప్రాంతాల్లో ఏడాదికి మించిన నిలవ కావాలంటాయి. ఎండిన మడ్డి ఒక గ్రాములో పురుగు గుడ్డు ఒకటికి మించకూడదని అవి గీత గీశాయి. కాని డబ్బు కలిసొస్తుందని రెండో గుంత ఎగ్గొట్టి, అడుగు లేని ఒకే పెద్ద గుంత తవ్వుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో! ఆ గుంతలు నిండేకొద్దీ బండ్లు పల్లెలకూ వస్తున్నాయి.

మన భాషలో 'శుద్ధి' అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. మైల పడ్డవాళ్ళు, శుద్ధి అయినవాళ్ళు అని మనుషుల్ని విడదీసిన మాట అది. పసుపు నీళ్ళు చల్లితే, మంత్రం చదివితే శుద్ధి అయిందన్నారు. మలం ఎత్తే కులాలను మాత్రం ఏ నీళ్ళూ శుద్ధి చేయలేవన్నారు. ఇక్కడ మనం మాట్లాడుతున్న శుద్ధికి పుట్టుకతో సంబంధం లేదు. ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు, గ్రాముకు ఎన్ని గుడ్లు అన్న అంకెలే దానికి సాక్ష్యం. ఆ అంకెలు కాగితం మీద ఉంటే శుద్ధి జరిగినట్టు. కాగితం లేకపోతే ఎవరు ఎంత హామీ ఇచ్చినా జరగనట్టే లెక్క.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల మడ్డీ, పెద్ద నగరాల మురుగు కేంద్రాల మడ్డీ ఒకటి కావు. నగరం మురుగులో ఫ్యాక్టరీల వ్యర్థాలు కలుస్తాయి. కాడ్మియం, సీసం, క్రోమియం లాంటి లోహాలు ఎంత వేడి చేసినా చావవు. అవి బతికి ఉన్నవి కావు గనక. మడ్డిలో చేరి, చేలో చేరి, ఏళ్ళ తరబడి పోగుపడతాయి. మన 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు హద్దులు పెట్టింది. కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 10, సీసం 100 మించకూడదు. రోగక్రిములు అసలే ఉండకూడదు. మడ్డితో చేసిన కంపోస్టును కనీసం ఈ కొలతతోనైనా కొలవమని మనం అడగాలి.

హైదరాబాదు సంగతి మనకు పక్కనే ఉన్న పాఠం. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ తర్వాత ఆ నీళ్ళను నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపేందుకు 18 కిలోమీటర్ల గొట్టం వేశారు. ఫ్యాక్టరీల నీళ్ళూ ఇళ్ళ నీళ్ళూ ఒకే గొట్టంలో కలిపాక, అడుగున మిగిలే మడ్డిని ఇంటి మలంలాగా చూడటం కుదరదు. మూసీ నీళ్ళతో పారాగడ్డి కోసే స్త్రీలు, పాలకూర కట్టలు కట్టే స్త్రీలు ఈ కలయిక భారాన్ని ఎప్పటి నుంచో తమ ఒంటి మీద మోస్తున్నారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం దశాబ్దాల పాటు మడ్డిని పొలాలకు వేయనిచ్చి, అందులోని విడిపోని రసాయనాలు పాలలో, బావి నీళ్ళలో తేలాక 2022లో పూర్తిగా నిషేధించింది. ధనిక దేశం చేసిన తప్పును మనం మళ్ళీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. ఫ్యాక్టరీల మురుగును ఇళ్ళ మురుగుతో కలపకపోవడమే దీనికి మొదటి మందు. ఆ ఖర్చు ఫ్యాక్టరీ యజమాని పెట్టుకోవాలి.

ఇక, గుంతలోంచి మడ్డిని తోడేది ఎవరు? ఈ ప్రశ్న వదిలేసి ఎరువు గురించి మాట్లాడితే అది మోసం అవుతుంది. పాకీ పని నిషేధిస్తూ మొదటి చట్టం 1993లో వచ్చింది. 2013లో వచ్చిన చట్టం సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు గుంతల్లో రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని కూడా నేరం చేసింది. సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ళ తరబడి నడిపిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20న ఇచ్చిన మరో తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. చట్టం మారింది, పరిహారం పెరిగింది. మనుషులు దిగడం ఆగలేదు. బండికి గొట్టం ఉన్నా, అడుగున గట్టిపడిన మడ్డి గొట్టానికి రాకపోతే లోపలికి దిగమనేది మళ్ళీ ఆ కులాల వాళ్ళనే. దిగినవాడు చనిపోతే పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది అతని భార్య. ఆ అర్జీలు రాసిపెట్టిన కార్యకర్తలు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఉన్నారు. ఆమెను ఎన్ని కాగితాలు అడుగుతారో వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

శుద్ధి కేంద్రాలు పెరిగితే కొత్త పనులూ వస్తాయి. ఒడిశాలో కొన్ని పట్టణాల్లో ఈ కేంద్రాల నిర్వహణను మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇచ్చారు. కటక్‌లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంఘం నడుపుతున్నది. మంచి ప్రయత్నమే. కాని చప్పట్లు కొట్టే ముందు కొన్ని సంగతులు చూడాలి. జీతం కనీస వేతనానికి తగ్గదా? మీటర్లు చూసి లెక్కలు రాసేది ఎవరు, పార పట్టి మడ్డి ఎత్తేది ఎవరు? గ్లౌజులు, బూట్లు, టీకాలు, ఆరు నెలలకోసారి పురుగుల మందు ఇస్తున్నారా? ఈ పనికి వచ్చేది మళ్ళీ ఒక్క కులం స్త్రీలేనా? అయితే పాకీ పనికి కొత్త పేరు పెట్టి, దానికి స్త్రీ సాధికారత అని బోర్డు తగిలించినట్టవుతుంది. వేతనంతో, రక్షణతో, గౌరవంతో నడిచేదైతే అది నిజంగానే మంచి ఉద్యోగం. రెండింటికీ మధ్య తేడా చూడవలసినది మనమే.

కొందరు మిత్రులు ఇలా అంటారని తెలుసు: అత్యాచారాలు, వరకట్నపు చావులు, భూమి హక్కులు ఇన్ని ఉండగా, ఈ మడ్డి గొడవ మనకెందుకు? సారా మీద పోరాటం దూబగుంటలో మొదలైనప్పుడు కూడా అది తాగుబోతు మొగుళ్ళ గొడవేనని కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. ఇంటి వెనక జరిగేది, చేలో జరిగేది, ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడనిది హక్కుల ప్రశ్నగా మారేది స్త్రీలు దాన్ని బయటికి తెచ్చి మాట్లాడినప్పుడే. మలం గురించి మాట్లాడటం అసహ్యమని మనకు నేర్పారు. ఆ అసహ్యం చాటునే ఆ బండి రాత్రిపూట వచ్చిపోతున్నది.

అందుకని మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం.

ఒకటి. శుద్ధి కాని మడ్డిని చేలో గాని, వాగులో గాని, దళితవాడ పక్కన గాని పోయకూడదు. బండ్ల మీద నిషేధం పెట్టడంతో సరిపెట్టకుండా, బండి వెళ్ళి పోయడానికి దగ్గరలోనే శుద్ధి కేంద్రం కట్టాలి. ప్రతి బండి ఎక్కడ తోడింది, ఎక్కడ పోసింది అన్నది నమోదు కావాలి.

రెండు. కేంద్రం నుంచి బయటికి వచ్చే ప్రతి విడత ఎరువుకూ పరీక్ష జరగాలి. క్రిములు, పురుగు గుడ్లు, లోహాలు మూడూ చూడాలి. ఆ కాగితం తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో, కేంద్రం గేటు దగ్గరా పంచాయతీ ఆఫీసు దగ్గరా అంటించాలి. అంటించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం.

మూడు. పరీక్షలో నెగ్గిన ఎరువును చిన్న రైతులకు, కౌలుదార్లకు, అందులోనూ స్త్రీ రైతులకు ముందుగా, వాళ్ళు కొనగలిగే ధరకు ఇవ్వాలి. ఉచితంగా వచ్చే పచ్చి మడ్డికంటే భద్రమైన ఎరువు దొరకడం కష్టమైతే, నిషేధాలన్నీ పేదరాలి మీద పడే జరిమానాలే అవుతాయి. పచ్చిగా తినే కూరలకు, ఆకుకూరలకు దీన్ని వాడకపోవడం మేలని కూడా చెప్పాలి.

నాలుగు. చేలో ఏం వేశారో కూలికి పిలిచే ముందే కూలీలకు చెప్పాలి. తెలిశాక పనిలోకి దిగనంటే ఆ రోజు కూలి పోకూడదు. బూట్లు, చేతి తొడుగులు యజమాని ఇవ్వాలి. కౌలు రైతుకు ఆ స్తోమతు లేకపోతే పంచాయతీ ఇవ్వాలి.

అయిదు. గుంతలోకి మనిషి దిగకూడదు. ఏ కారణం చెప్పినా సరే.

ఆ తర్వాత రెండుసార్లు మేము ఆ ఊరికి వెళ్ళాం. మొదటిసారి ఆరోగ్య కార్యకర్తను వెంట తీసుకెళ్ళాం. పదకొండు మందికీ పురుగుల మాత్రలు, కాళ్ళకు మందు ఇప్పించాం. రక్తపరీక్షలకు రాయించాం. మునిసిపల్ ఆఫీసుకు వెళ్తే, శుద్ధి కేంద్రం ప్రతిపాదన ఉందన్నారు. ఎప్పటికి అవుతుందంటే చెప్పలేమన్నారు. ప్రతిపాదన నకలు కోసం దరఖాస్తు పెట్టాం.

రెండోసారి వెళ్ళేసరికి స్త్రీలు తమలో తాము ఒక మాట అనుకున్నారు. ఏ చేలో బండి పోశారో తెలిస్తే ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆ చేలోకి పదిహేను రోజులు ఎవరూ కూలికి దిగకూడదు. పదిహేను రోజులు చాలవని, పురుగు గుడ్లు అంత తేలిగ్గా చావవని నేను చెప్పాను. "మరి ఎన్ని దినాలు?" అని అడిగారు. శుద్ధి చేయకుండా మట్టిలో పోస్తే ఏడాది కూడా చాలకపోవచ్చన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడాది పాటు ఆ చేలకు దూరంగా ఉంటే వాళ్ళకు కూలి ఎక్కడ దొరుకుతుంది? కౌలు రైతు భార్య కూడా అక్కడే ఉంది. ఈసారి బండి పోయించనంది. "కని పిండికి పైసలెట్ల?" అని కూడా అడిగింది.

ముసలామె ప్రశ్నకు కొంత జవాబు ఇప్పుడు చెప్పగలను. దాన్ని పొయ్యాల్సిన చోటు ఒకటి ఉంది. అక్కడ పోస్తే ఏడాది తిరిగేసరికి అది ఈమె చేనుకు ఎరువై తిరిగి రాగలదు, ఎవరి కాళ్ళూ చెడకుండా. ఆ చోటును మన పట్టణంలో కట్టించడం మిగిలి ఉంది. మీ పట్టణంలో బండ్లు ఎక్కడికి పోతున్నాయి? ఆ చేలల్లో కలుపు తీసేది ఎవరు? ఒకసారి వెళ్ళి, వాళ్ళతో గట్టు మీద కూర్చుని మాట్లాడి, తెలిసింది మాకు రాయండి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచుతున్నాం.